పొలం మీద కెమెరా డ్రోన్: ఎగరేసే ముందు ఆకాశాన్నీ అడగాలి, ఊరినీ అడగాలి

ఈ వారం విత్తనం, కషాయం పక్కన పెట్టి కెమెరా డ్రోన్ గురించి మాట్లాడుకుందాం. మన వీడియోల్లో పైనుంచి పొలాన్ని చూపిస్తుంటే చాలామంది అడుగుతున్నారు: "అది ఎంతకి కొన్నారు? మా పొలం మీద మేం ఎగరేసుకోవచ్చా?" అని. ధర ఏ షాపువాడైనా చెప్తాడు. ఎగరేసుకోవచ్చా అన్నదానికి జవాబు మాత్రం ఊరిని బట్టి, రోజుని బట్టి, డ్రోన్ బరువుని బట్టి మారుతుంది. ఇది నాకు తెలియక, నా వల్ల ఒక పెద్దాయన పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ సంగతి దాచుకోకుండా చెప్తాను. ఇంకెవరూ ఆ తప్పు చేయకూడదు.

అసలు డ్రోన్ మనకెందుకు?

గట్టు మీద నిలబడి చూస్తే మనకి ముందు నాలుగు సాళ్లే కనపడతాయి. పైనుంచి చూస్తే మడి మొత్తం కనపడుతుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, మొలక ఎక్కడ పోయిందో, ఆచ్ఛాదన ఎక్కడ పలచబడిందో, గట్ల మీద కంది, ఆముదం ఎంత దూరం వచ్చాయో ఒక్క బొమ్మలో తెలిసిపోతుంది. తుఫాను తరవాత పడిపోయిన వరి ఎంత, నిలబడిన వరి ఎంత అన్నది కూడా పైనుంచే బాగా తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది. వానలకు ముందు నవధాన్యాలు చల్లే పద్ధతి, పీఎండీఎస్ అంటున్నాం కదా, అది మే నెలలో పైనుంచి చూడాలండి. చుట్టూ గడ్డి రంగులో బీడు భూములు, మధ్యలో ఒక్క మడి పచ్చగా. ఆ బొమ్మ చూశాక "ఎండాకాలంలో నేల కప్పి ఉంచటం అయ్యే పనేనా" అని ఎవరూ అడగరు. మనం గంటసేపు చెప్పేది అది పది సెకన్లలో చెప్తుంది. అందుకే ఈ తంటాలు పడుతున్నాం.

ఆ రోజు ఏం జరిగిందంటే

కృష్ణా జిల్లాలో ఒక ఊరు. రైతు వయసు అరవై దాటింది, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. రెండెకరాల్లో పదిహేను రకాలకు పైగా విత్తనాలు చల్లారు. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. నేను వెళ్లాను, ఆయన గట్టు మీద నిలబడి జీవామృతం గురించి చెప్పారు, రికార్డు చేశాను. తరవాత డ్రోన్ లేపాను. చుట్టుపక్కల బీడు అంతా ఒకే బొమ్మలో పడాలని పైకి, ఇంకా పైకి తీసుకెళ్లాను. 95 మీటర్ల దాకా పోయింది. నాకు తెలిసిందల్లా 120 మీటర్లు దాటకూడదని. దాటలేదు కదా అనుకున్నాను. మంచి వీడియో వచ్చిందని సంతోషంగా ఇంటికొచ్చేశాను.

వీడియో పెట్టిన మూడో రోజు బాబాయ్ గారి అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, నాన్నని స్టేషన్‌కి రమ్మన్నారు. డ్రోన్ ఎవరిది, ఎందుకు ఎగరేశారు అని అడుగుతున్నారు. మీ పూర్తి పేరు కూడా నాన్నకి తెలియదంట."

నాకు నోట మాట రాలేదు. ఆయన దగ్గర నా ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. ఒక కాగితం రాసి ఇవ్వలేదు. ఆయన మధ్యాహ్నమంతా అక్కడ బల్ల మీద కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే నేను వెళ్లాను. అక్కడి అధికారి కోప్పడలేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపించారు. ఆ పొలం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్యలో ఉంది. అలాంటి చోట అనుమతి లేకుండా ఎగరేయగలిగేది 60 మీటర్ల వరకే. "మీరు ఎంత ఎత్తుకి వెళ్లారు?" అని అడిగి, ఆయనే నా వీడియో ఆపి చూపించారు. డ్రోన్ తెర మీద ఉన్న ఎత్తు అంకె వీడియోలో అలాగే ఉంది. సాక్ష్యం నేనే ఎక్కించి పెట్టాను!

తెలియక చేశానని రాసి ఇచ్చాను, ఆ వీడియో తీసేశాను. హెచ్చరించి వదిలేశారు. బయటికొచ్చాక బాబాయ్ గారు ఒకటే మాట అన్నారు: "పొలంలో పురుగొస్తే నేను చూసుకుంటానయ్యా. ఇంటికి పోలీసొస్తే ఊరంతా చూస్తుంది." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. మనం వీడియో తీసుకుని వెళ్లిపోతాం. ఆ ఊళ్లో ఉండాల్సింది రైతు. ఈ పాఠం అంతా ఆ మాటకి జవాబే.

ఆకాశానికి మూడు రంగులు

మన దేశంలో డ్రోన్లకు ఇప్పుడున్నవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు, వాటికి తరవాత చేసిన సవరణలు. కేంద్రం డిజిటల్ స్కై అనే వేదికలో దేశం మొత్తానికీ ఒక మ్యాప్ పెట్టింది. అందులో మూడు రంగులు ఉంటాయి.

పచ్చ రంగు: నేల నుంచి 400 అడుగులు, అంటే 120 మీటర్ల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. మన పల్లెల్లో ఎక్కువ పొలాలు ఇందులోనే ఉంటాయి. కానీ విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న ఊళ్లలో ఈ పచ్చ 200 అడుగుల వరకే, అంటే 60 మీటర్లే. నేను బోల్తా పడింది ఇక్కడే.

పసుపు రంగు: ఇక్కడ ఎగరేయాలంటే ఆ ప్రాంతపు విమాన నియంత్రణ అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి. ఒక చిక్కు గమనించండి. మ్యాప్‌లో మీ ఊరు పచ్చగా ఉన్నా, ఆ ఎత్తు పరిమితి దాటిన మరుక్షణం మీరు పసుపులోకి వెళ్లినట్టే. రంగు నేలకే కాదు, ఎత్తుకి కూడా ఉంటుంది.

ఎరుపు రంగు: కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉంటే తప్ప ఎగరేయకూడదు. మన లాంటి వాళ్లం ఎరుపు కనపడితే డ్రోన్ సంచీ తెరవకుండా ఉండటమే మంచిది.

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో ఒకసారి గుర్తు చేసుకోండి. శంషాబాద్, బేగంపేట, గన్నవరం, విశాఖ, రాజమండ్రి దగ్గర మధురపూడి, రేణిగుంట, కడప, ఓర్వకల్లు విమానాశ్రయాలు. దుండిగల్, హకీంపేట, బాపట్ల దగ్గర సూర్యలంక వైమానిక దళ స్థావరాలు. విశాఖ నౌకాదళం. శ్రీహరికోట. "మా ఊరికి విమానం చప్పుడే వినపడదు" అని అనుకోవద్దు. 12 కిలోమీటర్లంటే మూడు నాలుగు ఊళ్లు దాటి అవతల. దూరం కొలిచేది కూడా రన్‌వే మధ్య నుంచి కాదు, ప్రహరీ నుంచి.

బరువుని బట్టి కాగితాలు

250 గ్రాములు, అంతకు లోపు ఉంటే నానో. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు మైక్రో. 2 కిలోలు దాటి 25 కిలోల వరకు స్మాల్. ఆ పైన మీడియం, లార్జ్. కషాయాలు కొట్టే పెద్ద డ్రోన్ల లెక్క వేరు, ఆ పాఠం ఇంకోసారి చెప్పుకుందాం. వీడియోకి వాడేవి దాదాపు అన్నీ నానో, మైక్రోలే.

నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయితే సొంతానికి, వ్యాపారం కాకుండా ఎగరేస్తే అక్కర్లేదు. మరి యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులు వస్తుంటే? పెళ్లిళ్లకు అద్దెకి వెళ్తుంటే? వ్యాపారం అనుకుని నడుచుకోవటమే క్షేమం. సర్టిఫికెట్ కావాలంటే 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. ఒకసారి వస్తే పదేళ్లు చెల్లుతుంది.

బండికి నంబరు ప్లేటు ఉన్నట్టే డ్రోన్‌కి యూఐఎన్ అని ఒక నంబరు ఉంటుంది. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్‌లో తీసుకోవాలి. నియమాల్లో పెట్టిన ఫీజు 100 రూపాయలు. నానో కదా అని ఈ నమోదు వదిలేయకండి. మైక్రో అయితే ఇతరులకు నష్టం జరిగితే కట్టే బీమా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, తప్పనిసరి. నానోకి దాని నుంచి మినహాయింపు ఉంది.

కొనే ముందు రెండు మాటలు. ఒకటి, 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. కాబట్టి బిల్లు లేకుండా "ఫారిన్ సరుకు, తక్కువకి ఇస్తాను" అంటే కొనకండి. మైక్రోకి టైప్ సర్టిఫికెట్ ఉంటేనే యూఐఎన్ వస్తుంది. ఆ సర్టిఫికెట్ నంబరు షాపులోనే అడగండి. రెండు, 249 గ్రాములని అట్టపెట్టె మీద రాసి ఉన్నా, రెక్కలకు రక్షణ చట్రం తొడిగినా, పెద్ద బ్యాటరీ పెట్టినా బరువు 250 దాటుతుంది. అప్పుడది నానో కాదు, మైక్రో. వంటింటి త్రాసు మీద పెట్టి తూచుకోండి, ఐదు నిమిషాల పని.

మ్యాప్‌లో నిన్న లేని నిషేధం

ఇది చాలామందికి తెలియదు. అత్యవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం గానీ, పోలీసులు గానీ ఒక చోటుని తాత్కాలికంగా ఎరుపు చేయవచ్చు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆ ఆదేశం ఇవ్వాలి, ఒక్కోసారి 96 గంటలకు మించకూడదు. అందుకే నిన్న పచ్చగా ఉన్న ఊరు ఇవాళ ఎర్రగా ఉండొచ్చు. ప్రతిసారీ ఎగరేసే ముందు డిజిటల్ స్కై చూసుకోవాలని నియమాల్లోనే ఉంది. నెల క్రితం తీసిన స్క్రీన్‌షాట్ పనికిరాదు.

ఇది కాక, పోలీసు కమిషనర్లు, కలెక్టర్లు శాంతిభద్రతల కోసం డ్రోన్లు ఎగరేయకూడదని విడిగా ఉత్తర్వులు ఇస్తుంటారు. ముఖ్యమంత్రి వస్తున్నారంటే, ఎన్నికల కౌంటింగ్ అంటే, పెద్ద తిరునాళ్లు, నిమజ్జనం అంటే ఇవి వస్తాయి. పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్తగా పడుతుంది, మనం చదవం. పక్క మండలంలో ఏదైనా పెద్ద సభ ఉందంటే ఆ రోజు డ్రోన్ ఇంట్లో పెట్టండి.

అడవి అంచు పొలాలు ఇంకో సంగతి. నల్లమలలో అటు నాగార్జునసాగర్-శ్రీశైలం, ఇటు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు. గోదావరి పక్కన పాపికొండల జాతీయ ఉద్యానవనం. అక్కడ గిరిజన రైతుల పొలాలు చూపించాలని మనకి ఆశ ఉంటుంది, కానీ అటవీ శాఖ అనుమతి లేకుండా రక్షిత అడవి మీదికి డ్రోన్ పంపకూడదు. తిరుమల కొండ మీద అసలు కుదరదు. మిగతా పెద్ద గుళ్లు, డ్యాములు కనపడే చోట్ల ముందు అడగండి, తరవాతే సంచీ తెరవండి.

ఊరిని అడగటం

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, ఊరు ఒప్పుకోకపోతే ఎగరేయకండి. నేను ఇప్పుడు చేసే పని ఇది.

ముందురోజు రైతుతో పాటు పక్క పొలాల వాళ్లకి చెప్తాను. మన కెమెరా పొలం గట్టు దగ్గర ఆగదు కదా. పక్కాయన చేలో మందు కొడుతుంటే అది కూడా వీడియోలో పడుతుంది. "నా చేనుని చెడ్డగా చూపించారు" అని రైతుకీ పక్కాయనకీ గొడవలొస్తాయి. పక్క పొలం పోల్చి చూపించాలంటే ఆయన సరేనన్నాకే చూపించండి.

ఆడవాళ్లు కాలువ దగ్గర, చెరువు దగ్గర ఉండే వేళల్లో అటు వైపు తిప్పకండి. నాటు వేసే కూలీలని దగ్గరగా తీయాలంటే నోటితో అడగండి. నెత్తి మీద చప్పుడు చేస్తూ ఒక కన్ను తిరుగుతుంటే ఎవరికి బాగుంటుంది చెప్పండి?

పశువులు, కోళ్లు. అరకకి కట్టిన ఎడ్లు ఆ చప్పుడుకి బెదిరి పరిగెత్తితే దున్నేవాడి కాలు పోతుంది. ఎడ్లు విప్పాకే లేపండి. దగ్గర్లో కోళ్ల షెడ్డు ఉంటే ఇంకా ప్రమాదం. కోళ్లు భయపడితే ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ నష్టం మీరు కట్టాల్సి వస్తుంది.

చివరగా, స్థానిక పోలీసు స్టేషన్‌కి ఒక తెల్లకాగితం. పచ్చ ప్రాంతంలో ఇది తప్పనిసరి కాదు. అయినా నేను ఇస్తాను. పేరు, ఫోన్ నంబరు, యూఐఎన్, ఏ సర్వే నంబరు పొలం, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత ఎత్తు వరకు, ఎందుకు. ఒక నకలు రైతు చేతిలో పెడతాను. రేపు ఎవరైనా అడిగితే బాబాయ్ గారిలా ఆయన బిక్కమొహం వేయక్కర్లేదు, కాగితం చూపిస్తే చాలు.

ఎగరేసే రోజు వరుస

1. పొద్దున్నే డిజిటల్ స్కై మ్యాప్ చూసి, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

2. యాప్‌లో గరిష్ఠ ఎత్తుని ముందే కట్టేయండి. 60 మీటర్ల పరిమితి ఉన్న చోట నేను 50 పెడతాను. చెయ్యి జారినా డ్రోన్ ఆ పైకి పోదు.

3. యాప్ చూపించే ఎత్తు లేచిన చోటు నుంచి కొలిచేది. చెరువు కట్ట మీదనో గుట్ట మీదనో లేపి పల్లంలో పొలం మీదికి తీసుకెళ్తే, నేల నుంచి అసలు ఎత్తు తెర మీద అంకె కన్నా ఎక్కువ. పొలంలోనే లేపండి.

4. కరెంటు తీగలు చూసుకోండి. చిన్న తెర మీద తీగ కనపడదు. స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పొలం చుట్టూ ఒకసారి నడిచి రండి. తిరిగొచ్చే ఎత్తుని చుట్టుపక్కల కొబ్బరి, తాటి చెట్ల కన్నా ఎక్కువ పెట్టండి. పెట్టిన గరిష్ఠ ఎత్తు దాటకుండా చూసుకోండి.

5. ఇనుప రేకుల షెడ్డు, ట్రాక్టరు, బోరు కేసింగు పక్కన లేపకండి. దిక్సూచి తికమకపడుతుంది.

6. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు మంచిది. గాలి తక్కువ, నీడలు పొడుగ్గా పడి సాళ్లు స్పష్టంగా కనపడతాయి. మధ్యాహ్నం ఎండకి బ్యాటరీ వేడెక్కుతుంది. గద్దలు కూడా అప్పుడే పైన తిరుగుతుంటాయి. గద్ద దగ్గరికొస్తే వెంటనే దించేయండి.

7. డ్రోన్ కంటికి కనపడేంత దూరంలోనే ఉండాలి. మీరు తెర చూస్తుంటే, పక్కన ఇంకొకరు ఆకాశం చూస్తుండాలి. విమానమో హెలికాప్టరో వినపడితే ఇంకేం ఆలోచించకుండా దించేయటమే.

8. బ్యాటరీ 30 శాతానికి రాగానే వెనక్కి. "ఇంకొక్క షాట్" అన్నవాళ్ల డ్రోన్లే వరి మడిలో పడతాయి.

ఏదైనా ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. నియమాలు తప్పితే లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. పోలీసు ఉత్తర్వు ఉన్న చోట ఎగరేస్తే కేసు విడిగా.

ఎవరైనా ఆపితే

ముందు డ్రోన్ దించండి. తరవాతే మాట. నియమాలు మనకి తెలుసు కదా అని కానిస్టేబుల్‌తో వాదన పెట్టుకోవద్దు. యూఐఎన్, బీమా, ఆ రోజు స్క్రీన్‌షాట్, స్టేషన్‌కి ఇచ్చిన కాగితం ఒకే కవర్లో పెట్టుకుంటే అదే మాట్లాడుతుంది. "సార్, ఇవాళ ఏదైనా ఉత్తర్వు ఉందా, ఉంటే చెప్పండి, మానేస్తాం" అని అడగండి. ఉందంటే సర్దుకుని రండి. పొలం ఎక్కడికీ పోదు, వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: ఎగరేసింది మీరు, బాధ్యత మీది. రైతుని ముందు నిలబెట్టి మీరు వెనక నిలబడొద్దు.

అనుమతి రాని పొలం

అలాంటి చోట వీడియో ఆపేయక్కర్లేదు. ఇరవై అడుగుల వెదురు గడకి ఫోన్ గట్టిగా కట్టి, టైమర్ పెట్టి లేపితే ఎకరం మడి చక్కగా పడుతుంది. కరెంటు తీగలకి దూరంగా లేపండి, అంతే. పక్కన డాబా ఇల్లుంటే మేడ మీదనుంచి తీయండి. కొబ్బరి చెట్టెక్కే తమ్ముడికి ఫోన్ ఇస్తే ఆయన తీసే బొమ్మ మన డ్రోన్ కన్నా బాగుంటుంది ఒక్కోసారి.

బాబాయ్ గారి పొలానికి నేను మళ్లీ వెళ్లాను. ముందు ఆయన ఇంటికి వెళ్లి, కాగితం చూపించి, "మీరు వద్దంటే మానేస్తాను" అన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, ఆ కాగితం రెండు ప్రతులు తియ్యి" అన్నారు. 45 మీటర్ల ఎత్తులో తీశాను. చుట్టూ ఉన్న బీడు అంతా పడలేదు, సగమే పడింది. అయినా పచ్చదనం తెలుస్తూనే ఉంది. కింద ఉన్న వీడియో అదే. ఎత్తు అంకె కూడా తీయకుండా అలాగే ఉంచాను, చూడండి.

మీ ఊరు ఏ రంగులో ఉందో ఇవాళే ఒకసారి మ్యాప్‌లో చూసుకోండి. డ్రోన్ కొనాలా వద్దా అన్నది ఆ తరవాత ఆలోచిద్దురు గాని. ఉంటానండి.